మీ 70-300 జూమ్‌కి టెలికన్వర్టర్ పెడితే నిజంగా ఏం జరుగుతుంది?

పిట్ట ఎదురుగానే ఉంది, జూమ్ రింగ్ 300 దగ్గర ఆగిపోయింది, ఇంక తిరగదు. ఫ్రేమ్‌లో చూస్తే పిట్ట గోరంత, మిగతాదంతా ఆకులు. టెలిఫోటో జూమ్ కొన్న ప్రతివాళ్లూ మొదటి నెల్లోనే ఇక్కడికి చేరతారు, సరిగ్గా అప్పుడే కంటబడుతుంది టెలికన్వర్టర్. అరచేతిలో పట్టే చిన్న డబ్బా, లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెడితే 300 కాస్తా 420 అవుతుంది, ఇంకో రకం పెడితే ఏకంగా 600. ఇంత తేలిగ్గా అయిపోయే పనైతే అందరూ ఎందుకు వాడరని వెతికితే ఒకరు డబ్బు దండగ అంటారు, ఇంకొకరు దానితోనే తీసిన మంచి ఫొటో చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి లెన్స్ వేరు, బాడీ వేరు, ఆ రోజు ఉన్న ఎండ వేరు. ఆ తేడాల్లో ఏది ఎంత లెక్కలోకి వస్తుందో ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ఒకే పేరుతో తిరిగే నాలుగు వస్తువులు

టెలికన్వర్టర్ అంటే లోపల గాజు కటకాలు ఉన్న డబ్బా. లెన్స్ ఏర్పరిచే బొమ్మలో మధ్య భాగాన్ని పెద్దది చేసి సెన్సార్ మీద పరుస్తుంది. కెనాన్ వాళ్లు దీన్నే ఎక్స్‌టెండర్ అంటారు. టెలిస్కోప్ వాడేవాళ్లకి బార్లో లెన్స్ తెలిసే ఉంటుంది, సూత్రం అదే. ఎక్కువగా దొరికేవి 1.4ఎక్స్, 2ఎక్స్. నికాన్‌లో 1.7ఎక్స్ కూడా వచ్చింది.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ వేరే వస్తువు. దాని లోపల గాజే ఉండదు, ఖాళీ గొట్టం. లెన్స్‌ని సెన్సార్‌కి కొంచెం దూరం జరిపి మరీ దగ్గరగా ఉన్నవాటి మీద ఫోకస్ కుదిరేలా చేస్తుంది, దూరంగా ఉన్న పిట్ట మీద మాత్రం ఫోకస్ అవ్వదు. కెమెరా మెనూలో కనిపించే డిజిటల్ టెలికన్వర్టర్ అసలు వస్తువే కాదు, కెమెరా తనంతట తానే ఫొటోని క్రాప్ చేయడం (అంచులు కత్తిరించి మధ్య భాగాన్ని ఉంచడం), అంతే. ఇక లెన్స్ ముందు ఫిల్టర్‌లా తిప్పి బిగించే కన్వర్టర్లు ఇంకో జాతి, అవి ఎక్కువగా లెన్స్ మార్చడానికి వీల్లేని చిన్న కెమెరాల కోసం వచ్చినవి. ఈ వ్యాసమంతా మొదటిదాని గురించే.

మామూలు టెలిఫోటో జూమ్ అని నేను అంటున్నది 70-300 ఎఫ్/4-5.6, 100-400 ఎఫ్/5.6-8, 150-600 ఎఫ్/5-6.3 లాంటివాటిని. చేత్తో పట్టుకుని రోజంతా తిరగ్గలిగేవి, జూమ్ చేసేకొద్దీ ఎఫ్ పక్కన అంకె పెరిగి వెలుతురు తగ్గిపోయేవి.

వెలుతురు ఎక్కడికి పోతుంది?

ఎఫ్ పక్కన ఉండే అంకె ఒక భాగహారం. ఫోకల్ లెంగ్త్‌ని (జూమ్ రింగ్ మీద కనిపించే మి.మీ. అంకె), ముందు నుంచి చూస్తే వెలుతురు లోపలికొచ్చే కిటికీ ఎంత వెడల్పు కనిపిస్తుందో దాంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. మీ జూమ్ 300 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 అంటే ఆ కిటికీ వెడల్పు సుమారు 53.6 మి.మీ. ఇప్పుడు వెనక 1.4ఎక్స్ పెట్టారు. ఫోకల్ లెంగ్త్ 420 అయింది కానీ ముందున్న కిటికీ పెరగలేదు, అది వెనక పెట్టిన డబ్బాకి అందేది కాదు. 420ని 53.6తో భాగిస్తే 7.8, అంటే ఎఫ్/8. అదే 2ఎక్స్ అయితే 600 మి.మీ., ఎఫ్/11. అందుకే 1.4ఎక్స్‌కి ఒక స్టాప్, 2ఎక్స్‌కి రెండు స్టాపులు పోతాయంటారు, వెలుతురు సగమైన ప్రతిసారీ ఒక స్టాప్ అన్నమాట. నిజానికి వెలుతురు ఎక్కడికీ పోలేదు, వచ్చిన వెలుతురునే రెండింతల చోటులోనో నాలుగింతల చోటులోనో పరచాల్సి వచ్చింది.

ఫొటో తీసేటప్పుడు ఇది ఎలా తగులుతుందో చూడండి. బాగా మబ్బు పట్టిన పగలు, ఎఫ్/5.6, ఐఎస్‌ఓ (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 దగ్గర షట్టర్ స్పీడ్ సుమారు 1/100 సెకను వస్తుంది. పిట్ట తల తిప్పుతూనే ఉంటుంది కాబట్టి మీకు 1/1600 కావాలి, అంటే ఐఎస్‌ఓ 1600. 1.4ఎక్స్ పెడితే 3200. 2ఎక్స్ పెడితే 6400. అదే నిండు ఎండలో అయితే దీనికి మూడు స్టాపులు ఎక్కువ వెలుతురు ఉంటుంది కాబట్టి 2ఎక్స్‌తో కూడా ఐఎస్‌ఓ 800 చాలు. ఒకే కన్వర్టర్ గురించి ఎండలో వాడినవాళ్లు ఒకలా, మబ్బులో వాడినవాళ్లు ఇంకోలా చెప్పడం ఇక్కడే మొదలవుతుంది.

జూమ్ లెన్సుల్లో ఇంకో తిరకాసు ఉంది. 70 దగ్గర లెన్స్ ఎఫ్/4 కాబట్టి 1.4ఎక్స్ పెట్టినా ఎఫ్/5.6, ఏ ఇబ్బందీ ఉండదు. కానీ 98 మి.మీ. కోసం ఎవరూ కన్వర్టర్ పెట్టరు కదా, రింగ్ తిప్పితే సరిపోతుంది. కన్వర్టర్ అవసరం పడేది చివరి కొస దగ్గర, లెన్స్ చీకటిగా ఉండేదీ అక్కడే, ఇలాంటి జూముల్లో చాలావాటికి షార్ప్‌నెస్ తగ్గేదీ అక్కడే.

మరి క్రాప్ చేస్తే సరిపోదా?

అన్నిటికన్నా ఎక్కువ వాదన నడిచేది దీని మీదే. 16 సెంటీమీటర్ల లకుముకిపిట్ట 15 మీటర్ల దూరంలో కూర్చుంది. 300 మి.మీ. దగ్గర సెన్సార్ మీద దాని బొమ్మ 3.2 మి.మీ. పొడవు పడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (చిన్న సెన్సార్) కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లు, అంటే పిట్ట పొడవునా 820 పిక్సెళ్లు. 1.4ఎక్స్‌తో దాదాపు 1150, 2ఎక్స్‌తో 1640. కన్వర్టర్ లేకుండా తీసి 420కి సమానంగా క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెళ్లలో 12 మిగులుతాయి, 600కి సమానంగా చేస్తే 6.

పిక్సెళ్ల వరకు చూస్తే కన్వర్టర్‌దే పైచేయి. దాని కోసం ఐఎస్‌ఓ పెంచాలి కాబట్టి నాయిస్ (గ్రెయిన్ లాంటి గరుకు చుక్కలు) వచ్చి మొత్తం కొట్టుకుపోతుందని ఒక వాదన ఉంది, చాలామంది దీన్ని ఖాయం అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకసారి నిదానంగా ఆలోచించండి. షట్టర్ స్పీడ్ రెండిట్లోనూ ఒకటే. కిటికీ ఒకటే, 53.6 మి.మీ. కాబట్టి ఆ పిట్ట ఒంటి మీద నుంచి లోపలికొచ్చిన వెలుతురు కూడా, కన్వర్టర్ గాజు మింగే కాస్తంత తీసేస్తే, ఒకటే. ఐఎస్‌ఓ 1600లో తీసి క్రాప్ చేసి పెద్దది చేసిన పిట్టనీ, ఐఎస్‌ఓ 3200లో కన్వర్టర్‌తో తీసిన పిట్టనీ ఒకే సైజులో పక్కపక్కన పెడితే గ్రెయిన్ దాదాపు సమానంగా ఉంటుంది. క్రాప్ చేయడమంటే చేతికొచ్చిన వెలుతురులో కొంత పారేయడమే. ఫ్రేమ్ మొత్తాన్ని వాడుకునే ఫొటోలో ఒక స్టాప్ పోవడం నిజమైన నష్టం, ఎటూ క్రాప్ చేయబోయే ఫొటోలో కాదు.

చేయి వణికే లెక్క కూడా ఇంతే. 300కి 1/300, 420కి 1/420 కన్నా తక్కువ వద్దనే పాత కొలత కన్వర్టర్‌కే కాదు, అంతే సైజుకి క్రాప్ చేసే ఫొటోకీ వర్తిస్తుంది.

ఇంతవరకు క్రాప్ కన్నా కన్వర్టర్ మెరుగనే తేలుతోంది. అయినా చేతిలో ఫలితం అలా కనిపించదు. ఎందుకు?

లెన్స్ ఇవ్వనిది కన్వర్టర్ ఇవ్వలేదు

కన్వర్టర్ కొత్త వివరాన్ని సృష్టించదు. లెన్స్ అప్పటికే పట్టుకున్న వివరాన్ని ఎక్కువ పిక్సెళ్ల మీద పరుస్తుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లెన్స్ ఇస్తున్న వివరంలో పిక్సెళ్లు పట్టుకోలేక వదిలేస్తున్నది ఏమైనా ఉందా? ఉంటే కన్వర్టర్ దాన్ని తెచ్చిపెడుతుంది. లేకపోతే అదే మసకని పెద్దది చేసి చూపిస్తుంది.

మళ్లీ లకుముకిపిట్ట దగ్గరికే వెళ్దాం. 820 పిక్సెళ్లలో 16 సెంటీమీటర్లు అంటే ఒక్కో పిక్సెల్ పిట్ట మీద 0.2 మి.మీ. మేర కప్పుతుంది. రెండు సన్నని గీతల్ని విడివిడిగా చూపాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, అంటే 0.4 మి.మీ. ఇది సెన్సార్ హద్దు. లెన్స్ హద్దు ఎంత? ఏ దోషమూ లేని లెన్స్‌కైనా వెలుతురు తన తరంగ స్వభావం వల్ల కొంచెం పరుచుకుంటుంది, దీన్నే డిఫ్రాక్షన్ అంటాం. 53.6 మి.మీ. కిటికీతో 15 మీటర్ల దూరంలో ఆ హద్దు సుమారు 0.19 మి.మీ. అంటే ఏ దోషమూ లేని 300 మి.మీ. లెన్స్ దగ్గర సెన్సార్ పట్టుకునేదానికి రెండింతల వివరం ఉంది, 1.4ఎక్స్ ఏంటి, 2ఎక్స్ పెట్టినా లాభమే.

మామూలు జూమ్ అలా ఉండదు. 300 దగ్గర, అపెర్చర్ (అదే, ఆ కిటికీ) పూర్తిగా తెరిచి పెట్టినప్పుడు దాని కటకాల దోషాలు డిఫ్రాక్షన్ కన్నా చాలా ముందే అడ్డు తగులుతాయి. అంచుల్లో ఊదా రంగు గీత, కొంచెం పొగమంచు పట్టినట్టుండే కాంట్రాస్ట్, ఇవన్నీ అవే. ఒక జూమ్ అక్కడ 0.4 మి.మీ. కన్నా సన్నటిది విడదీయలేకపోతోందనుకోండి, పిక్సెళ్లు అప్పటికే దానికి సరిపోయాయి. కన్వర్టర్‌కి మిగిలింది ఏమీ లేదు, పైగా తన గాజు చేసే నష్టం కొంత కలుస్తుంది. ఖరీదైన 300 ఎఫ్/2.8 మీద అద్భుతంగా పనిచేసిన డబ్బా 70-300 మీద నీరసంగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో మాట. కన్వర్టర్ పెడితే ఎఫ్/11 కాబట్టి డిఫ్రాక్షన్ పెరిగిపోయి ఫొటో పాడవుతుందని కొందరంటారు. పిక్సెల్ స్థాయిలో మసక పెరిగే మాట నిజం. పిట్ట మీద చూస్తే ఆ హద్దు కన్వర్టర్ ఉన్నా లేకపోయినా 0.19 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కిటికీ మారలేదు. పిట్ట పెద్దదైంది, దానితో పాటు మసక కూడా అంతే నిష్పత్తిలో పెద్దదైంది.

నేను ఒకసారి న్యూస్‌పేపర్ పేజీని గోడకి అతికించి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, టైమర్‌తో నా పాత 70-300ని మూడు రకాలుగా తీసి చూశాను. కన్వర్టర్ లేకుండా తీసి క్రాప్ చేసినదాంట్లో హెడ్డింగులు, వాటి కింద ఉపశీర్షికలు చదవగలిగాను, వార్తలోని చిన్న అక్షరాల్లో సున్నాలు పూడుకుపోయి నల్ల చుక్కల్లా ఉన్నాయి. 1.4ఎక్స్‌తో అదే అపెర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కాకుండా నున్నగా వచ్చాయి, కానీ కొత్తగా చదవగలిగింది ఒక్క పదం కూడా లేదు. లెన్స్‌ని ఒక స్టాప్ మూసి, అంటే మొత్తం మీద ఎఫ్/11 చేసి తీస్తే, ఆ పూడుకుపోయిన సున్నాల్లో కొన్నిటికి మధ్యలో తెల్లటి చుక్క కనిపించింది. నాకు దొరికిన లాభం ఆ చుక్కే. 2ఎక్స్‌తో అక్షరాలు పెద్దవయ్యాయి, వెలిసిపోయాయి, చదవడానికి మాత్రం కొత్తగా ఏమీ రాలేదు.

ఇక్కడ దాగిన ఖర్చు ఒకటుంది. మామూలు జూముల్లో చాలావరకు ఒక స్టాప్ మూస్తేనే బాగా తేరుకుంటాయి. కాబట్టి 1.4ఎక్స్ ఖర్చు కాగితం మీద ఒక స్టాప్, మంచి ఫలితం కావాలంటే చేతిలో రెండు స్టాపులు.

ఫోకస్ ఎందుకు తడుముకుంటుంది?

డీఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో, ఫోకస్ చూసే సెన్సార్ వేరుగా ఉంటుంది. అది లెన్స్ కిటికీకి ఒక అంచు నుంచి వచ్చే వెలుతురునీ, ఎదురు అంచు నుంచి వచ్చేదాన్నీ పోల్చి చూస్తుంది, మన రెండు కళ్లు దూరాన్ని అంచనా వేసినట్టే. చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆ రెండు కళ్లు ఎఫ్/5.6 వెడల్పుకి సరిపోయేలా పెట్టి ఉంటాయి. ఎఫ్/8 అయ్యేసరికి వెలుతురు వచ్చే దారి సన్నబడి ఆ కళ్లకి అందకుండా పోతుంది. అప్పుడు కెమెరా ఆటోఫోకస్ ఆపేస్తుంది, లేదా లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఎక్కడా నిలవదు. కెనాన్ 7డీ మార్క్ 2, నికాన్ డీ7200, డీ500 లాంటి కొన్నిటికి ఎఫ్/8 దగ్గర కూడా పనిచేసే పాయింట్లు ఇచ్చారు, వాటిలోనూ అన్ని పాయింట్లకీ ఆ సౌకర్యం లేదు. ఎఫ్/11 దగ్గరైతే మాన్యువల్ ఫోకసే దిక్కు, లేదా లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయడం).

కన్వర్టర్ కాంటాక్టుల మీద చిన్న టేపు ముక్క అంటించి కెమెరాకి తెలియకుండా చేసే చిట్కా ఒకటి ఎప్పటినుంచో తిరుగుతోంది. ఇంకా ఎఫ్/5.6 అనుకుని కెమెరా ఫోకస్‌కి ప్రయత్నిస్తుంది, ఎండలో ఒక్కోసారి కుదురుతుంది కూడా. వెలుతురు దారి మాత్రం టేపు వల్ల వెడల్పు అవ్వదు, నీడలోకి వెళ్లగానే మళ్లీ తడుముకోవడమే.

మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాలు వచ్చాక ఈ గోడ చాలావరకు కూలిపోయింది. ఫొటో తీసే సెన్సారే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి ఎఫ్/8, ఎఫ్/11 పెద్ద సమస్య కాదు, కెనాన్ ఆర్5, ఆర్6 అయితే ఎఫ్/22 వరకు ఆటోఫోకస్ చేస్తాయి. చేయడం వేరు, వేగంగా చేయడం వేరు. వెలుతురు తక్కువ, రెండు కళ్ల మధ్య దూరం తక్కువ, అందుకే మబ్బులో నెమ్మదిస్తుంది. కొన్నిచోట్ల కంపెనీలే కావాలని నెమ్మదింపజేశాయి: పాత కెనాన్ ఈఎఫ్ ఎక్స్‌టెండర్లు పెడితే గురి తప్పకుండా ఉండటానికి ఫోకస్ మోటారు వేగం 1.4ఎక్స్‌తో సగానికి, 2ఎక్స్‌తో పావుకి తగ్గుతుంది.

ఫోకస్ కుదిరే చోట క్రాప్ కన్నా కన్వర్టర్‌కి ఒక మేలు ఉంది, దీని గురించి తక్కువమంది చెబుతారు. ఫ్రేమ్‌లో పిట్ట పెద్దగా ఉంటుంది కాబట్టి ఫోకస్ పాయింట్ రెక్క మీదో కొమ్మ మీదో కాకుండా కంటి మీద పెట్టగలుగుతారు.

అసలు లెన్స్‌కి సరిపోతుందా?

కంపెనీల సొంత కన్వర్టర్లలో చాలావాటికి ముందు గాజు బయటికి పొడుచుకుని ఉంటుంది. లెన్స్ వెనక భాగంలో దానికి ఖాళీ ఉండాలి, లేకపోతే గాజుకి గాజు తగులుతుంది. జూమ్ లెన్స్ అయితే జూమ్ చేసినప్పుడు వెనక కటకం కదలొచ్చు కూడా, ఒక చోట ఖాళీ ఉండి ఇంకో చోట లేకపోవచ్చు. కెనాన్ ఆర్ఎఫ్ 100-500 ఇందుకు మంచి ఉదాహరణ: కన్వర్టర్ పెట్టాలంటే జూమ్ 300 దాటి ఉండాలి, తర్వాత 300-500 మధ్యే తిప్పగలం.

ఈఎఫ్ 70-300 ఐఎస్ 2కి కెనాన్ ఎక్స్‌టెండర్ పట్టదు. సోనీ ఎఫ్ఈ 70-300కి సోనీ కన్వర్టర్ పట్టదు, 200-600కి పడుతుంది, నికాన్ జెడ్ 180-600కీ పడుతుంది. ఈ రెండిటికీ 1.4ఎక్స్ పెడితే చివర్లో 840 మి.మీ., ఎఫ్/9. 2021లో వచ్చిన కెనాన్ ఆర్ఎఫ్ 100-400 చిన్న లెన్సే, అయినా రెండు ఎక్స్‌టెండర్లూ పడతాయి, 2ఎక్స్‌తో 800 మి.మీ., ఎఫ్/16. డీఎస్‌ఎల్‌ఆర్‌ల కాలంలో ఎవరూ ఊహించని అంకె అది. సిగ్మా, టామ్రాన్ తమ డీఎస్‌ఎల్‌ఆర్ 150-600లకి తమ కన్వర్టర్లే చేశాయి. కెన్కో లాంటి కంపెనీల కన్వర్టర్లలో ముందు గాజు పొడుచుకుని ఉండదు కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల్లో ఎక్కువవాటికి సరిపోతాయి. సరిపోవడం, బాగా పనిచేయడం ఒకటి కాదన్నది గుర్తుంచుకుంటే చాలు.

కలిసొచ్చే చోట్లు

చందమామ. సెన్సార్ మీద చంద్రుడి బొమ్మ ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 110వ వంతు పడుతుంది: 300కి 2.7 మి.మీ., 600కి 5.5. చంద్రుడి మీద పడేది ఎండే కాబట్టి వెలుతురికి లోటు లేదు, నిండు చంద్రుడికి ఎఫ్/11, ఐఎస్‌ఓ 200 దగ్గర 1/200 సరిపోతుంది. కదలిక తక్కువ, ట్రైపాడ్ ఉంటుంది, స్క్రీన్ మీద పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయొచ్చు. కన్వర్టర్ తెచ్చే ఇబ్బందులన్నీ ఇక్కడ ఒకేసారి తప్పుకుంటాయి.

తూనీగలు, సీతాకోకచిలుకలు రెండోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కన్వర్టర్ పెట్టినా లెన్స్ ఎంత దగ్గరగా ఫోకస్ చేయగలదో ఆ దూరం మారదు, బొమ్మ మాత్రం పెద్దదవుతుంది. 0.25ఎక్స్ (సెన్సార్ మీద బొమ్మ అసలు సైజులో నాలుగో వంతు) వచ్చే జూమ్ 1.4ఎక్స్‌తో 0.35 అవుతుంది, 2ఎక్స్‌తో 0.5. తూనీగ ఎగిరిపోనంత దూరంలో ఉండి దాని కంటి మీద గళ్లు తీయొచ్చు. ఇంత దగ్గరలో ఎటూ ఎఫ్/11, ఎఫ్/16కి మూయాల్సిందే, లేకపోతే తల ఫోకస్‌లో ఉంటే తోక ఉండదు, కాబట్టి పోయిన స్టాపు గురించి బాధే లేదు.

కలిసిరాని చోట్లు చెప్పడం తేలిక: సాయంకాలం, ఎగిరే పిట్ట, మధ్యాహ్నపు వేడికి గాలి అలలు అలలుగా కదులుతున్నప్పుడు దూరంగా ఉన్న ఏదైనా. చివరిదాంట్లో లెన్స్ ఎంత మంచిదైనా అడ్డుపడేది గాలే, కన్వర్టర్ ఆ అలల్నే పెద్దవి చేస్తుంది.

రెండు పక్షాల మాట

వద్దనేవాళ్ల వాదనలో బలం ఉంది. కన్వర్టర్ ఖరీదు కొన్నిసార్లు ఆ జూమ్ ఖరీదుకి దగ్గరగా ఉంటుంది, ఆ డబ్బు పక్కన పెట్టి జూమ్‌ని అమ్మేసి పొడవాటి లెన్స్‌కి వెళ్తే కిటికీ సైజే పెరుగుతుంది. 600 ఎఫ్/6.3కి కిటికీ 95 మి.మీ., 300 ఎఫ్/5.6 వెనక 2ఎక్స్ పెడితే అదే పాత 53.6. రెండూ 600 మి.మీ. లెన్సులే, రెండోదానికి చేరే వెలుతురు మొదటిదాంట్లో మూడో వంతే.

కావాలనేవాళ్లు బరువు చూడమంటారు, అదీ న్యాయమే. పావుకిలో డబ్బా జేబులో పడుతుంది, రెండు కిలోల 150-600 పట్టదు, ఇంట్లో ఉండిపోయిన పెద్ద లెన్స్‌తో ఎవరూ ఫొటో తీయలేరు. కంపెనీలకీ కన్వర్టర్ మీద నమ్మకం ఉంది, కెనాన్ 2013లో 200-400 ఎఫ్/4 లోపలే 1.4ఎక్స్ పెట్టేసింది, 2022లో నికాన్ 400 ఎఫ్/2.8కీ 600 ఎఫ్/4కీ అదే చేసింది. అవన్నీ కిటికీ పెద్దగా ఉన్న లెన్సులే అన్నది కూడా చూడాలి.

నా మట్టుకు నేను మామూలు జూమ్ మీద 2ఎక్స్‌ని చంద్రుడికి, తూనీగలకి తప్ప వాడను. 1.4ఎక్స్ సంగతి మాత్రం లెన్స్ ఒక్కదాన్నీ చూసి చెప్పేది కాదు, వెనక ఉన్న బాడీని కూడా చూడాలి. కెనాన్ ఆర్6లో ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) మీద 20 మెగాపిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ సుమారు 6.6 మైక్రాన్లు. ఆర్7లో ఏపీఎస్-సీ మీద 32.5 మెగాపిక్సెళ్లు, ఒక్కోటి 3.2 మైక్రాన్లు. అదే ఆర్ఎఫ్ 100-400ని రెండిటికీ తగిలించి అదే పిట్టని అంతే దూరం నుంచి తీస్తే, ఆర్6 వెనక 2ఎక్స్ పెట్టి తెచ్చుకునే పిక్సెళ్లు ఆర్7లో మధ్యలో ఏ డబ్బా లేకుండానే, ఎఫ్/8 దగ్గరే వచ్చేస్తాయి. ఆర్6 వాడేవాళ్లకి 1.4ఎక్స్ తెచ్చే తేడా కంటికి కనిపిస్తుంది. ఆర్7 వాడేవాళ్లు ఆ కన్వర్టర్‌తో చూసేది చాలావరకు లెన్స్ మసకనే.